రియాలిటీ షోల్లో ప్రాణాంతకమైన పనులు: ఎంత నిజం, ఎంత కోత

అలాస్కా పక్కనున్న బేరింగ్ సముద్రంలో పీతలు పట్టేవాళ్ళ మీద డిస్కవరీ చానెల్ తీస్తున్న ‘డెడ్లియెస్ట్ క్యాచ్’ చూసినవాళ్ళకి మొదట వచ్చే అనుమానం ఒకటే. ఇదంతా నిజంగా జరిగిందా, కెమెరా కోసం చేయించారా? గడ్డకట్టిన సరస్సుల మీద లారీలు నడిపే ‘ఐస్ రోడ్ ట్రక్కర్స్’, అడవుల్లో చెట్లు కొట్టే ‘యాక్స్ మెన్’, బంగారం తవ్వే ‘గోల్డ్ రష్’ చూసినా ఇదే అనుమానం.

దానికి జవాబు చెప్పడం పెద్ద కష్టం కాదు. అల నిజం, చలి నిజం, తెగిన వేలు నిజం. కానీ అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది, దాన్ని మనం అంతగా అడగం. ఈ పనుల్లో మనుషులు అసలు దేనివల్ల చనిపోతున్నారు? షో మన కళ్ళ ముందు పెడుతున్నది దాన్నేనా? నేను చూసినంతలో ఈ రెండూ చాలాచోట్ల కలవవు. అబద్ధం చెప్పాలని ఎవరో కుట్ర పన్నడం వల్ల ఇలా జరగడం లేదు. కెమెరాకి దొరికే ప్రమాదం ఒక రకం, మనుషుల్ని చంపే ప్రమాదం చాలాసార్లు ఇంకో రకం.

ముందు ఎడిటింగ్ సంగతి చూద్దాం, ఎందుకంటే అందరి అనుమానం దాని మీదే. ఒక్కో ఎపిసోడ్ వెనుక వందల గంటల ఫుటేజీ ఉంటుంది. ఆ గంటల్లో ఎక్కువ భాగం ఏమీ జరగదు. తాడు చుట్టడం, వల సర్దడం, నిద్రపోవడం, ఇంజన్ శబ్దం వినడం. అందులోంచి నలభై నిమిషాలు ఏరాలి, ప్రకటనల విరామానికి ముందు ప్రతిసారీ ఊపిరి బిగపట్టేలా చేయాలి. అందుకే ఎవరో ఉలిక్కిపడి వెనక్కి తిరిగిన ముఖం ఒకచోట, జారిపడబోయిన పీతల బోను ఇంకోచోట తీసి పక్కపక్కన పెడతారు. ఇంటర్వ్యూలో వేర్వేరుచోట్ల అన్న మాటల్ని అతికి ఒకే వాక్యంగా వినిపించడం కూడా ఈ రంగంలో తెలిసిన పద్ధతే. కింద గంభీరమైన సంగీతం, పైన ‘ఒక్క పొరపాటు జరిగితే ఇక అంతే’ అనే వ్యాఖ్యానం. ‘ఐస్ రోడ్ ట్రక్కర్స్’ మొదట్లో లారీ మంచు పగిలి నీళ్ళలో మునిగిపోయే దృశ్యం ఒకటి వచ్చేది. అది స్టూడియోలో చిన్న బొమ్మ లారీతో తీసినది. మనసులో మిగిలేది మాత్రం ఆ దృశ్యమే.

అసలు ఆ దారి ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ బొమ్మ ఎంత పక్కదారి పట్టించిందో అర్థమవుతుంది. 2007లో మొదటి సీజన్ తీసిన దారి పేరు టిబ్బిట్-కాంట్వాయ్టో వింటర్ రోడ్. కెనడా వాయవ్య ప్రాంతంలోని వజ్రాల గనులకు డీజిల్, సిమెంటు, యంత్రాలు చేరవేయడానికి ఏటా చలికాలంలో దీన్ని కొత్తగా వేస్తారు. దాదాపు మొత్తం సరస్సుల మీదే ఉంటుంది. నిండు లోడుతో పోయే లారీ వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు, కొన్నిచోట్ల 10 కూడా దాటకూడదు. కారణం ఏమిటంటే, బరువైన బండి కదులుతుంటే మంచు కాస్త వంగుతుంది, కింద నీళ్ళలో అల పుడుతుంది. బండి వేగం పెరిగితే ఆ అల ఒడ్డుకు కొట్టుకుని తిరిగొచ్చి మంచును కింది నుంచి పగలగొడుతుంది. అందుకే మంచు మందాన్ని రాడార్‌తో కొలుస్తూ ఉంటారు. బాగా బరువైన బండ్లను మందం మీటరు దాటాకే వదులుతారు. ఒక్కో గుంపులో నాలుగేసి లారీలకు మించకుండా, మధ్యలో వ్యవధి ఇచ్చి పంపుతారు. వేగం మీరినవాళ్ళను పట్టుకోవడానికి గస్తీ ఉంటుంది. 2007 చలికాలంలో ఆ దారి మీద దాదాపు 11 వేల లోడ్లు ఉత్తరానికి వెళ్ళాయి.

షోలో మనకు కనిపించింది ఎవరు ఎక్కువ లోడ్లు కొడతారనే పోటీ. గంటల తరబడి సైకిల్ వేగంతో, ముందు బండికి దూరం పాటిస్తూ, రేడియోలో చెప్పినట్టు వినుకుంటూ నడపడమే ఆ డ్రైవర్లను బతికిస్తుంది. దాన్ని చూపిస్తే చూసేవాళ్ళు చానెల్ మారుస్తారు. రెండో సీజన్ నాటికి షో ఆ దారి వదిలి వేరే చోటికి వెళ్ళిపోయింది.

పీతల పడవల కథ ఇంకా లోతైనది, అందుకే దాని దగ్గర కాసేపు ఆగాలి. 2005 ఏప్రిల్ 12న ‘డెడ్లియెస్ట్ క్యాచ్’ మొదలైంది. అప్పటిదాకా అక్కడి వేట ‘డెర్బీ’ పద్ధతిలో సాగేది. ప్రభుత్వం ఫలానా రోజు సీజన్ తెరిచేది, మొత్తం కోటా నిండగానే మూసేసేది. ఎర్ర కింగ్ పీతల సీజన్ చివరి ఏళ్ళలో మూడు నుంచి ఐదు రోజులకు కుదించుకుపోయింది. ఆ నాలుగు రోజుల్లో తుఫాను వచ్చినా పోవాల్సిందే. నిద్రపోతే పక్క పడవ పట్టేసుకుంటుంది. పడవలో ఎన్ని బోనులు పడితే అన్నీ ఎక్కించాల్సిందే. ఒక్కో ఇనుప బోను ఖాళీగానే మూడు వందల కిలోలు దాటుతుంది. 1990లలో అక్కడ ఏటా సగటున ఏడెనిమిది మంది చనిపోయేవారు.

రెండు మార్పులు ఈ లెక్కను తిరగరాశాయి. 1999 నుంచి కోస్ట్ గార్డ్ సిబ్బంది సీజన్‌కు ముందు రేవులోనే పడవలు ఎక్కి, అనుమతికి మించి బోనులు ఎక్కించారా, బతికించే సామగ్రి ఉందా అని చూడటం మొదలుపెట్టారు. తర్వాత 2005లో డెర్బీ ఎత్తేసి ఒక్కో పడవకు వాటా కేటాయించారు. నీ వాటా నీదే, వాతావరణం బాగాలేకపోతే రేపు వెళ్ళొచ్చు. సీజన్ నెలలకు సాగింది. దీనికీ ఒక ఖరీదు ఉంది. అంతకుముందు 250 దాకా ఉన్న పడవలు ఒక్క ఏడాదిలో 90 లోపుకు పడిపోయాయి, వాటితో పాటు ఎందరో డెక్ పనివాళ్ళకు పని పోయింది. కానీ చావులు బాగా తగ్గాయి.

షో మొదటి సీజన్ చిత్రీకరించింది డెర్బీ చివరి వేటల్ని. అంటే పరుగుపందెం ముగుస్తున్నప్పుడు కెమెరాలు ఎక్కాయి. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా వచ్చిన సీజన్లన్నీ వాటా పద్ధతిలోనివే. అయినా స్వరం మాత్రం ఆ పాత పందెం స్వరమే. గడియారంతో పోటీ, పక్క పడవతో పోటీ, ప్రాణాలకు తెగించిన కెప్టెన్. ఈ పనిని ఏది సురక్షితం చేసింది అని ఆ షో అభిమాని ఎవరినైనా అడగండి, అనుభవం, ధైర్యం అంటారు తప్ప కోటా నిబంధన అనరు. అలా అనడం వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకు చూపించింది అదే.

ఇప్పుడు చావు ఎలా వస్తుందో చూడండి. అమెరికాలో పని భద్రతపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 2000 నుంచి 2016 వరకు లెక్కలు తీసింది. ఆ కాలంలో 204 మంది వృత్తి మత్స్యకారులు పడవ మీద నుంచి నీళ్ళలో పడి చనిపోయారు. వాళ్ళలో ఒక్కరు కూడా లైఫ్ జాకెట్ వేసుకుని లేరు. సగానికి పైగా ఘటనల్లో ఆ మనిషి పడటం ఎవరూ చూడలేదు. నన్ను బాగా కలవరపెట్టేది ఈ రెండో సంగతి. ఎవరూ చూడకపోవడమే అక్కడ మనిషిని చంపుతోంది. డెక్ మీద ఇద్దరు కెమెరామెన్ నిలబడి ఉన్న పడవలో ఆ పరిస్థితే మారిపోతుంది. అర్ధరాత్రి ఒంటరిగా వెనక్కి వెళ్ళిన మనిషి, తడి ఇనుము మీద జారిన కాలు, ఇరవై నిమిషాల తర్వాత ‘వాడేడి?’ అని ఎవరో అడగడం. దీన్ని రియాలిటీ షో చిత్రీకరించలేదు. చిత్రీకరించడానికి ఎవరైనా అక్కడ ఉంటే ఆ మనిషి బహుశా బతికేవాడు.

పడవలు మునగడం కూడా అంతే. 2017 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున సెయింట్ జార్జ్ దీవి దగ్గర ‘డెస్టినేషన్’ అనే పీతల పడవ ఆరుగురు మనుషులతో మునిగిపోయింది. రేడియోలో ఒక్క పిలుపు రాలేదు. ఆపద సంకేతం పంపే బీకన్ మాత్రం దానంతటదే మోగింది. ఆ పడవ మీద 200 బోనులున్నాయి, చలిలో ఎగిరిన నీటి తుంపర్లు వాటి మీదే గడ్డకట్టాయి. దర్యాప్తు బృందం తర్వాత సముద్రం అడుగు నుంచి ఒక బోనును పైకి తీసి తూచింది. పడవ నిలకడను లెక్కగట్టిన పుస్తకంలో ఒక్కో బోను 700 పౌండ్లు అని రాసి ఉంది. తూస్తే 840 పౌండ్లు వచ్చింది. ఒక్కో దాంట్లో 63 కిలోల తేడా, 200 బోనులకు 12 టన్నులు దాటింది. కెప్టెన్ చేతిలో ఉన్న పుస్తకమే తప్పు. అతను దాన్ని తూచా తప్పకుండా పాటించినా ఆ 12 టన్నులు పడవ మీద ఉండేవే. 2019 చివరి రోజు రాత్రి ‘స్కాండీస్ రోజ్’ మునిగి ఏడుగురిలో ఐదుగురు పోయినప్పుడు కూడా మంచు బరువుతో పాటు తప్పుల తడకగా ఉన్న నిలకడ లెక్కలే కారణమని తేలింది.

సుత్తులతో పడవ మీది మంచును బద్దలు కొట్టే దృశ్యం షోలో ఎన్నోసార్లు వస్తుంది. అది గొప్ప దృశ్యమే, నిజమైన దృశ్యమే. కానీ ఆ మంచు ఎంత బరువుంటే పడవ తిరగబడుతుంది, ఆ హద్దు ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు అన్నది ఒక ఆఫీసులో, ఒక కాగితం మీద, సీజన్‌కు ఎన్నో ఏళ్ళ ముందు నిర్ణయమైపోయి ఉంటుంది. అక్కడ ఏ కెమెరా లేదు.

దీనివల్ల నష్టం ఏమిటంటే, బాధ్యత ఎప్పుడూ మనిషి మీదికే వస్తుంది. ప్రతి సీజన్‌లో ఒక కొత్త కుర్రాడు వస్తాడు. తాడులో కాలు పెడతాడు, కొక్కెం తప్పుగా వేస్తాడు, కెప్టెన్ తిడతాడు, పాత పనివాళ్ళు ‘వీడు పనికిరాడు’ అంటారు. చివర్లో వాడు నిలబడతాడు లేదా ఇంటికి పోతాడు. కథ బాగుంటుంది. కానీ ఇరవై గంటలుగా నిద్రలేని మనిషి చెయ్యి ఎందుకు తడబడింది, తాడు అడ్డం రాకుండా డెక్‌ను ఇంకోలా కట్టలేమా, యంత్రాన్ని టక్కున ఆపే బటన్ ఎక్కడుంది అనే ప్రశ్నలు ఆ తిట్ల హోరులో వినిపించవు. భద్రత గురించి పనిచేసేవాళ్ళు అందరికంటే ముందు వదిలించుకోవాలనుకునేది ‘జాగ్రత్తగా ఉండాల్సింది’ అనే జవాబునే. షోలు సరిగ్గా ఆ జవాబునే వారం వారం మన చెవిలో వేస్తున్నాయి.

ఇంకో సంగతి. కెమెరాలు ఏ పనిచోట్లకు వెళ్తున్నాయో గమనించండి. యజమానే నడిపే పడవ, పది మంది ఉన్న కలప బృందం, ఒక కుటుంబం తవ్వే బంగారు గని. అక్కడ ఒక్కరు ఒప్పుకుంటే చాలు, షూటింగ్ మొదలైపోతుంది, పైగా ఆ డబ్బు వాళ్ళకు అవసరం. చమురు శుద్ధి కర్మాగారంలోకో రసాయనాల ఫ్యాక్టరీలోకో ఇలా అడుగుపెట్టనివ్వరు. కంపెనీ లాయర్లు ఒప్పుకోరు, బీమావాళ్ళు ఒప్పుకోరు. మండే ఆవిరి ఉండే చోట మామూలు కెమెరా కూడా నిప్పురవ్వకు కారణం కావచ్చు కాబట్టి దాన్ని లోపలికి తీసుకెళ్ళడానికే వీలుండదు. ఫలితంగా, ప్రమాదకరమైన పని అనగానే మన మనసులో మెదిలేవి అల, చెట్టు, మంచు. ప్రకృతితో మనిషి పోరాటం. కంపెనీ, షిఫ్టు, మరమ్మతుల బడ్జెట్ ఆ బొమ్మలోనే లేవు.

‘డెడ్లియెస్ట్ క్యాచ్’ మొదలవడానికి సరిగ్గా ఇరవై రోజుల ముందు, 2005 మార్చి 23న, అమెరికాలోని టెక్సస్ సిటీలో బీపీ కంపెనీ శుద్ధి కర్మాగారం పేలి 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. పేలుడుకు ముందు కొన్ని గంటలు అక్కడ కెమెరా పెట్టి ఉంటే ఏం కనిపించేది? 170 అడుగుల టవర్‌ను మండే ద్రవంతో నింపుతున్నారు. అడుగున ఆరేడు అడుగుల మట్టం ఉంటే చాలు. మట్టం చూపే పరికరం తొమ్మిది అడుగుల దాకానే కొలవగలదు. ద్రవం 158 అడుగులకు చేరింది. కంట్రోల్ రూమ్ తెర మీద అంకె మాత్రం మట్టం నెమ్మదిగా తగ్గుతున్నట్టు చూపిస్తోంది. ఆ తెర ముందు కూర్చున్నవాళ్ళు నెల రోజుల దాకా ఒక్క సెలవు లేకుండా రోజుకు పన్నెండు గంటల షిఫ్టులు చేస్తున్నారు. అరుపుల్లేవు, పరుగుల్లేవు. అలసిపోయిన మనిషి, మామూలుగా కనిపిస్తున్న అంకె.

చనిపోయిన 15 మందీ ఆ టవర్ పనితో సంబంధం లేని కాంట్రాక్టు మనుషులు. పక్కనే పెట్టిన తాత్కాలిక ట్రైలర్ల దగ్గర ఉన్నారు. పనికి రాలేనంత గాయం ఎవరికీ తగలకుండా నెల గడిచినందుకు ఏర్పాటు చేసిన భోజనం ముగించుకుని అప్పుడే తిరిగి వచ్చారు. ఈ ఒక్క వివరం మొత్తం సంగతి చెబుతుంది. జారిపడటాలు, వేళ్ళు తెగడాలు తగ్గుతుంటే ప్లాంటు భద్రంగా ఉందని పైవాళ్ళు నమ్మారు. ఆ పేలుడు తర్వాత బీపీ భద్రతను పరిశీలించిన బేకర్ ప్యానెల్ 2007లో ఇచ్చిన నివేదిక ఎత్తిచూపిన పొరపాటు కూడా ఇదే. ఒక్కో మనిషికి తగిలే గాయం లెక్క వేరు, ప్లాంటంతా పేలిపోయే ముప్పు లెక్క వేరు. రియాలిటీ షోకి తెలిసింది మొదటి లెక్క ఒక్కటే.

మూడో రకం చావు ఒకటుంది, అది అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే తక్కువ కనిపించేది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో వేసిన అంచనా ప్రకారం పని కారణంగా ప్రపంచంలో ఏటా దాదాపు 29.3 లక్షల మంది చనిపోతున్నారు. అందులో ప్రమాదాల వల్ల పోయేవాళ్ళు 3.3 లక్షలు. మిగతా 26 లక్షల మందినీ చంపేది పని తెచ్చిపెట్టే జబ్బులు. దుమ్ము, పొగ, రసాయనాలు, గుండె మీద పడే భారం.

2011లో స్పైక్ టీవీలో వెస్ట్ వర్జీనియా బొగ్గు గని మీద ‘కోల్’ అనే షో వచ్చింది, ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. గని కప్పు కూలుతుందేమో అన్న భయం అలాంటి షోకి బాగా అమరుతుంది, అది నిజమైన భయమే కూడా. కానీ అదే ప్రాంతాల్లో, కెంటకీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియాల్లో, పాతికేళ్ళు పైబడి గనుల్లో పనిచేసినవాళ్ళలో ప్రతి ఐదుగురిలో ఒకరికి బొగ్గు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నట్టు 2018లో నియోష్ పరిశోధకులు తేల్చారు. బొగ్గు పొరలు పలచబడే కొద్దీ పైనా కిందా రాయిని కూడా కోయాల్సి వస్తోంది, ఆ రాతి దుమ్ములోని సిలికా మరింత హానికరం. పాతికేళ్ళు పట్టే చావును ఒక సీజన్‌లో చూపించడం కష్టమే. కానీ గాల్లో తేలే ఆ దుమ్ము ప్రతి షాట్‌లోనూ ఉంటుంది. దాని గురించి ఒక్క వాక్యం చెప్పడానికి ఏ అడ్డమూ లేదు.

ఈ షోల్లో నన్ను అన్నిటికంటే కదిలించిన నిజం కూడా ఈ రకానిదే. ‘కోర్నేలియా మరీ’ పడవ కెప్టెన్ ఫిల్ హారిస్ 2010 జనవరిలో రేవులో సరుకు దించుతున్నప్పుడు పక్షవాతంతో కుప్పకూలిపోయాడు. ఫిబ్రవరి 9న ఆసుపత్రిలో చనిపోయాడు. వయసు 53. ఏళ్ళ తరబడి నిద్రలేమి, ఒత్తిడి, వేళ్ళ మధ్య ఎప్పుడూ సిగరెట్టు. ఆ రోజులను షో మర్యాదగా, తొందరపడకుండా చూపించింది. ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన పని అని పేరున్న షోలో అంతమంది గుర్తుపెట్టుకున్న మరణం అల వల్ల రాలేదు.

అంకెల మాట ఎత్తాం కాబట్టి ఒక చిక్కు విప్పాలి. ‘అత్యంత ప్రమాదకరమైన’ అనే మాట షోలు ఊరికే వాడటం లేదు. 2022లో అమెరికాలో చెట్లు కొట్టే పనిలో లక్ష మందికి దాదాపు 100 మంది చొప్పున చనిపోయారు, అన్ని పనుల సగటు 3.7 మాత్రమే. కాబట్టి ఆ పని ముప్పు నిజం. కానీ ఇది రేటు. మొత్తం సంఖ్య చూస్తే అదే ఏడాది పనిలో చనిపోయిన 5,486 మందిలో మూడో వంతుకు పైగా రవాణా ప్రమాదాల్లో పోయారు. అన్ని కారణాలూ కలిపితే లారీలు, డెలివరీ బండ్లు నడిపేవాళ్ళే వెయ్యి మందికి పైగా. వాళ్ళలో ఎక్కువమంది పోయింది మంచు సరస్సు మీద కాదు, మామూలు తారు రోడ్ల మీద.

కెమెరా వచ్చాక పనిచోటు ఎలా మారుతుందనేది తేల్చి చెప్పడం కష్టం. కొందరు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు, తప్పు చేస్తే అధికారులు కూడా చూస్తారని. కొందరు రెచ్చిపోతారు. 2014లో కెనడాలోని యూకాన్‌లో ‘గోల్డ్ రష్’ షూటింగ్ సాగుతున్న గని దగ్గర డ్రెడ్జి (నీళ్ళ మీద తేలుతూ బంగారం కోసం మట్టి తవ్వే యంత్రం) చెరువులో పెట్రోలు పోసి నిప్పంటించారు, అది ప్రసారం కూడా అయింది. తర్వాత కేసు నడిచి 2017లో 31 వేల కెనడియన్ డాలర్ల జరిమానా పడింది. ఇక ఆ కెమెరా పట్టుకున్నవాళ్ళ సంగతి ఎవరూ తలచుకోరు. అదే డెక్, అదే మంచు, అదే నిద్రలేమి, పైగా కళ్ళు లెన్స్‌లో ఉంటాయి కాబట్టి వెనక నుంచి ఏం వస్తోందో కనిపించదు. ఆ పడవ మీద వాళ్ళూ కూలీలే, వాళ్ళ ముప్పు ఏ ఎపిసోడ్‌లోనూ ఉండదు.

మరి అసలు ప్రమాదాన్ని చూపిస్తే ఎవరూ చూడరా? చూస్తారు. టెక్సస్ సిటీ పేలుడును దర్యాప్తు చేసిన అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు తన దర్యాప్తుల మీద యానిమేషన్ వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెడుతుంది. హీరో లేడు, తిట్లు లేవు. ఏ వాల్వు మూసి ఉంది, ఏ మీటరు తప్పు చెప్పింది, ఏ హెచ్చరికను ఎన్నేళ్ళ ముందు పక్కన పెట్టారు అని నిదానమైన గొంతుతో వరుసగా చెబుతారు. టెక్సస్ సిటీ వీడియోలో ఆ టవర్ లోపల ద్రవం మెల్లగా పైకి ఎక్కుతుంటుంది, పక్కనే తెర మీద అంకె కిందికి దిగుతుంటుంది. ఏం జరగబోతోందో మనకు తెలుసు, లోపలివాళ్ళకు తెలియదు. ఆ టెన్షన్ ముందు సముద్రపు అల ఏదీ నిలబడదు. రసాయనాలతో ఏ సంబంధమూ లేని మామూలు జనం ఆ వీడియోలను లక్షల సంఖ్యలో చూస్తున్నారు.